రక్తం ఇచ్చినవాళ్లకు ఫలితం ఎవరు చెప్పాలి?

పాకాల గట్టు | జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది నర్సంపేట వైపు చిన్న ఊరు. మా అమ్మ ఆశా కార్యకర్త. రెండేళ్ల కింద, పత్తి ఏరే రోజుల్లో మా ఊరికి ఒక ఆరోగ్య సర్వే టీమ్ వచ్చింది. ప్రభుత్వ నిధులతో చేసే పరిశోధన అని చెప్పారు. నలుగురు పిల్లలు, ఒక జీపు, రక్తం సీసాలు పెట్టుకునే ఐస్ డబ్బా. ఎవరి ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలియదు కదా, అమ్మే ముందు నడిచింది. ఆ మూడు రోజులు కూలికి పోలేదు. "నువ్వు చెప్పినవని ఇస్తున్న బిడ్డా, లేకుంటే సూదిని దగ్గరికి రానియ్య" అంటూ మా వాడకట్టు అవ్వ ఒకామె చెయ్యి చాపింది.

బరువు తూచారు, ఎత్తు కొలిచారు, బీపీ చూశారు, రక్తం తీశారు. తర్వాత ట్యాబ్ పట్టుకుని గంటసేపు ప్రశ్నలు. అప్పు ఎంత ఉంది, రాత్రి నిద్ర పడుతుందా, కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటారు. ఈ చివరి ప్రశ్న దగ్గర ఒకామె చాలాసేపు ఏడ్చింది. భర్త పోయి అప్పటికి ఏడాది. అడిగిన అమ్మాయికి ఏం చేయాలో తోచక ట్యాబ్ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ అమ్మాయి గురించి అమ్మ ఇప్పటికీ మంచిగానే చెప్తుంది.

టీమ్ వెళ్లిపోయింది. మళ్లీ ఎవరూ రాలేదు. ఎవరికి ఏముందో ఒక్క చిట్టీ కూడా రాలేదు.

ఇప్పుడు ఇంకో సర్వే వస్తుందని పీహెచ్‌సీలో చెప్పారట. అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్తుంటే అందరిదీ ఒకటే మాట: "మొన్న తీసుకపోయిన రక్తం ఏమాయె?" అమ్మ దగ్గర జవాబు లేదు. వచ్చినవాళ్ల ముఖాలు ఎవరికీ గుర్తు లేవు, అమ్మ ముఖం మాత్రం రోజూ కనబడుతుంది. రాత్రి కంచం ముందు కూర్చుని "నేను వాళ్లకు అబద్ధం చెప్పినట్టయింది" అంది. అప్పటినుంచి నాకు వేరే ఏదీ తోచడం లేదు. ఎవరిని అడగాలి? అడిగే హక్కు మనకు ఉందా?

పరకాల సైకిల్ | జూన్ 14, రాత్రి 10:05

మా ఊళ్లో కూడా ఇంతే చెల్లె. మా తలుపు మీద సుద్దముక్కతో రాసిన సర్వే నంబరు ఇప్పటికీ ఉంది. ఫలితం మాత్రం లేదు.

గోదారి ఒడ్డు | జూన్ 14, రాత్రి 10:48

నేను ఏటూరునాగారం దగ్గర హాస్టల్లో చదువుకున్నాను, మా బంధువులంతా భద్రాచలం వైపు. అందుకే పరిశోధన అనగానే నాకు భయం ముందు వస్తుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. దాదాపు 14 వేల మంది. ఒక విదేశీ సంస్థ చేసింది, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) భాగస్వామి. చాలామంది ఆశ్రమ హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. అది టీకా వల్ల కాదనే విచారణ కమిటీ చెప్పింది, ఆ మాట కూడా రాయాలి, ఎందుకంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆ టీకా అవసరమే. నా బాధ టీకా గురించి కాదు. ఆ తల్లులకు ఎవరూ ఒక మాట చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో గట్టిగా తప్పుపట్టింది ఆ అనుమతుల తీరునే.

మీ అమ్మను అడుగు చెల్లె, రక్తం తీసేముందు ఎవరైనా కాగితం చదివి వినిపించారా?

ఎంజీఎం చౌరస్తా | జూన్ 15, ఉదయం 6:20

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. ఇలాంటి సర్వేలకు నేనూ వెళ్లాను కాబట్టి ఇది నన్నూ అడిగిన ప్రశ్నే. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

హక్కు ఉంది. మనుషుల మీద చేసే పరిశోధనకు ఐసీఎంఆర్ 2017లో విడుదల చేసిన నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి ప్రకారం ముందు ఒక ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన న్యాయంగా జరుగుతుందా లేదా చూసే కమిటీ, అనుమతి ఇవ్వాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాదు, న్యాయం తెలిసినవాళ్లు, సమాజశాస్త్రం తెలిసినవాళ్లు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండాలి. అధ్యక్షుడు ఆ సంస్థ బయటివాడై ఉండాలి. మనకు అర్థమయ్యే భాషలో సమాచార పత్రం ఇవ్వాలి, చదువు రానివాళ్లకు చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు వాళ్ల సమ్మతి కూడా కాగితం మీద తీసుకోవాలి. మధ్యలో వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. పని పూర్తయ్యాక ఫలితాలను ఆ ఊరివాళ్లకు చేరవేయడం గురించి కూడా అందులో ఉంది.

ఆ సమాచార పత్రం కాపీ ఒకటి మన దగ్గరే ఉంచాలి. దాని కింద ముఖ్య పరిశోధకుడి నంబరు, ఎథిక్స్ కమిటీ నంబరు ఉంటాయి. అక్కా, మీ ఇంట్లో వెతుకు. ట్రంకు పెట్టెలో, రేషన్ కార్డు పెట్టే కవర్లో, ఎక్కడో ఉంటుంది.

ఇక ఎందుకు చెప్పరు అంటే, చెడ్డ మనసు వల్ల జరిగేది తక్కువ. ప్రాజెక్టులో సీసాలకు, జీపుకు, జీతాలకు డబ్బు ఉంటుంది. తిరిగి ఊరికి వెళ్లి చెప్పడానికి చాలాసార్లు ఒక పద్దే ఉండదు. ఫీల్డ్ పిల్లల కాంట్రాక్టు అయిపోతుంది. పేర్లు తీసేసి నంబర్లు పెడతారు, ఏడాది తర్వాత ఆ నంబరు ఎవరిదో వెతికే మనిషి ఉండడు. వ్యాసం ఇంగ్లిష్‌లో వస్తుంది. కేంద్రం 2024 నవంబరులో 6,000 కోట్ల రూపాయలతో ఒన్ నేషన్ ఒన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్న మాలాంటివాళ్లు ఇప్పుడు పెద్ద జర్నళ్లు చదవగలుగుతున్నాం, అది మంచిదే. కానీ ఆ జర్నల్లో ఉన్న అంకె మీ వాడకట్టు అవ్వ రక్తంలోంచి వచ్చింది. ఆమెకు చేరే దారి ఇంకా ఎవరూ వేయలేదు.

మానేరు రిటైర్డ్ | జూన్ 15, మధ్యాహ్నం 1:15

నేను కరీంనగర్ జిల్లాలో హెల్త్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయ్యాను. డాక్టర్ బాబు రాసింది నిజమే కానీ, చెప్పడానికి పద్దు లేదంటే నా మనసు ఒప్పుకోదు. మా కాలంలో మాకూ పద్దు లేదు.

బోదకాలు సర్వే గురించి చెప్తాను. ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల దగ్గరి రక్తనాళాల్లో దాక్కుంటాయి, రాత్రి పైరక్తంలోకి వస్తాయి. కుట్టే దోమ కూడా రాత్రి దోమే. అందుకని రక్తం రాత్రి తీయాలి. తొమ్మిది దాటాక బయలుదేరేవాళ్లం, పన్నెండు, ఒంటిగంట దాకా. టార్చిలైటు, స్లైడ్ల పెట్టె, దూది, స్పిరిట్. పొద్దంతా నాట్లేసి పడుకున్న మనిషిని లేపి "వేలు ఇవ్వు" అంటే ఏమంటారు? కుక్కలను ఉసిగొల్పినవాళ్లు ఉన్నారు. "రాత్రిపూట రక్తం తీసేటోళ్లు దొంగలే" అని ఒక ఊళ్లో మమ్మల్ని పంచాయతీ అరుగు మీద కూర్చోబెట్టారు, తెల్లారి సర్పంచ్ వచ్చి చెప్తే గానీ వదల్లేదు.

రెండోసారి అదే ఊళ్లో చాయ్ పెట్టి ఇచ్చారు. ఎందుకంటే వారంలో మేము తిరిగి వెళ్లాం. స్లైడ్ నంబరు పట్టుకుని, ఎవరికి పురుగు కనిపించిందో వాళ్ల ఇంటికే వెళ్లి, పక్కకు పిలిచి, మెల్లగా చెప్పి, 12 రోజుల డీఈసీ మాత్రలు ఇచ్చాం. లేనివాళ్లకు కూడా వెళ్లి "నీకేం లేదు" అని చెప్పాం. ఈ రెండో మాట చాలామంది మర్చిపోతారు. ఏమీ లేదని తెలియడం కూడా మనిషికి కావాలి. రక్తం ఇచ్చినోడు ఆ వారమంతా లోపల టెన్షన్ పడుతూనే ఉంటాడు.

కాలు వాచిన తర్వాత ఆ వాపు పోదు. కడుక్కోవడం, తుడుచుకోవడం, పుండు పడకుండా చూసుకోవడమే. అందుకే వాపు రాకముందు పట్టుకోవాలి, పట్టుకోవాలంటే ఊరు మనల్ని నమ్మాలి.

పాకాల గట్టు | జూన్ 15, సాయంత్రం 7:30

సార్, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. "ఏమీ లేదని తెలియడం" దగ్గర మళ్లీ చదవమంది.

ట్రంకు పెట్టె వెతుకుతున్నాం.

తునికాకు | జూన్ 15, రాత్రి 9:02

మాది జగిత్యాల జిల్లా. మా అమ్మ, పెద్దమ్మ, నానమ్మ అందరూ బీడీలు చేసినవాళ్లే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టాలంటే చాట ఒళ్లో పెట్టుకుని పొద్దున్నుంచి వంగి కూర్చోవాలి. తంబాకు పొడి ముక్కులోకి, చేతుల చర్మంలోకి పోతుంది. నడుము, మెడ, కళ్లు, దగ్గు. ఇవన్నీ పరిశోధించి రాసినవే. మాకు చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఇంట్లోనే చూస్తాం.

మా ఇంటికి వచ్చిన సర్వేవాళ్లు "ఈ పని మానేస్తే ఏం చేస్తారు" అని ఎప్పుడూ అడగలేదు. "రోజుకు ఎన్ని గంటలు, దగ్గు ఉందా" అంతే. ఏం అడగాలో ముందే ఎక్కడో కూర్చుని రాసుకుని వస్తారు. నన్ను అడిగితే పరిశోధన ఫలితం తర్వాత చెప్పడం ఒక్కటే సరిపోదు. ప్రశ్నలు రాసేటప్పుడు కూడా ఒక బీడీలు చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. మా అమ్మకు పెన్షన్ వస్తుంది, అది పెద్ద ఆసరా. కానీ పెన్షన్ వచ్చింది ఉద్యమం వల్ల, మా దగ్గు కొలిచిన కాగితం వల్ల కాదు.

ఉట్నూరు బడి | జూన్ 16, ఉదయం 8:10

కాగితం వల్ల కూడా మారిన ఊరు ఒకటి ఉంది. మా దగ్గరే.

1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం చనిపోయిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. అంటే సర్కారు సొమ్ముతో జరిగిన పరిశోధనే. ఆయన, ఆయన భార్య బెట్టీ జైనూర్ దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఊరివాళ్లతో కలిసి తిన్నారు. భూమి పోవడం, అటవీ అధికారుల వేధింపు, వడ్డీ వ్యాపారులు, ఇవన్నీ రాసి ప్రభుత్వం ముందు పెట్టారు. తర్వాత గోండులకు భూమి పట్టాలు, గోండి భాషలో చెప్పే బడులు, మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం వచ్చాయి. బెట్టీ 1987లో పోయారు, ఆయన 1995లో. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే. ఏటా జనవరి 11న ఊరంతా చేరి దండం పెట్టుకుంటారు.

సమస్యలన్నీ తీరిపోయాయని చెప్పను, పోడు భూముల గొడవ ఇవాళ్టికీ ఉంది. కానీ పరిశోధన చేయడానికి వచ్చిన మనిషికి ఊరు సమాధి కట్టి దీపం పెడుతున్నదంటే, ఆయన రాసుకుని వెళ్లిపోలేదు కాబట్టి.

ఇప్పుడు మా దగ్గర సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తం జబ్బు) పరీక్షలు జరుగుతున్నాయి. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం, 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష. ఇందులో ఫలితం చెప్పకపోతే పరీక్షకే అర్థం లేదు. జబ్బు జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వచ్చిన మనిషికి జబ్బు ఉండదు, కానీ అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి. మా బడి పిల్లలకు కార్డులు వచ్చాయి. కార్డు చూసి ఒక అమ్మాయి నన్ను అడిగింది, "సార్, నాకు పెళ్లి కాదా?" ఆ రోజు సాయంత్రం దాకా వాళ్ల నాన్నతో, వాళ్ల పటేల్‌తో కూర్చుని గోండిలో చెప్పాను. కార్డు ఇవ్వడం ఒక పని. దాని అర్థం చెప్పడం ఇంకో పని. రెండోదానికి సొంత భాష, తెలిసిన మనిషి కావాలి.

లక్నవరం తీగలు | జూన్ 16, మధ్యాహ్నం 12:25

ఎంజీఎం చౌరస్తా గారూ, ఊరి లెక్కలు ఎక్కడైనా తెరిచి ఉంటాయా? మా ములుగు జిల్లా గురించి వెతికితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అసలు జిల్లానే లేదు.

ఎంజీఎం చౌరస్తా | జూన్ 16, రాత్రి 10:30

ఉంటుంది, కానీ భూపాలపల్లిలో వెతకాలి. అయిదో సర్వేకు మన రాష్ట్రంలో 2019లో ఇంటింటికీ తిరిగారు కానీ, లెక్కకు తీసుకున్నది 2017 నాటి 31 జిల్లాలనే. ములుగు 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది, అందుకే లేదు. అలాగే హనుమకొండ అని వెతికినా దొరకదు, వరంగల్ అర్బన్ అని ఉంటుంది. జిల్లా పత్రాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు, ఎవరైనా దించుకోవచ్చు. ఊరి స్థాయి లెక్క మాత్రం రాదు. ఆ సర్వే జిల్లా దాకానే చెప్పగలదు.

ఆ పత్రాల్లో ఏముందో మన భాషలో మనం మాట్లాడుకోకపోవడమే నాకు బాధ. ఆ 2019 లెక్క ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు, అప్పటికి దేశంలోనే ఎక్కువ. కరీంనగర్ జిల్లాలో అది 80 దాటింది. మా ప్రసూతి వార్డులో ఒక తల్లిని అడిగితే "అందరికీ కోతే కదా సార్" అంది. తన చుట్టూ ఉన్నది మామూలు విషయం కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముహూర్తం చూసుకుని వచ్చే కుటుంబాలు ఉన్నాయి, ప్రైవేటులో తొందరా ఉంది, నొప్పులు తట్టుకునేలా పక్కన కూర్చునే మనిషి లేకపోవడమూ ఉంది. రాష్ట్రంలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీ (కాన్పు చేయించే) శిక్షణ ఇస్తున్నది ఆ చివరి కొరత కోసమే.

రక్తహీనత అంకె గురించి ఒక జాగ్రత్త. వేలి చివర పొడిచి తీసిన చుక్కలో హిమోగ్లోబిన్ కొలిస్తే ఒకలా, నరం నుంచి తీసిన రక్తంలో కొలిస్తే ఇంకోలా రావచ్చు. వేలు నొక్కితే చర్మం లోపలి నీరు కూడా ఆ చుక్కలో కలుస్తుంది. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దేశమంతా నరం నుంచి తీసిన రక్తంతో వేరే సర్వే చేపట్టింది. మీ అమ్మగారు చెప్పిన ఐస్ డబ్బా, సీసాలు చూస్తే మీ ఊళ్లో తీసింది నరం నుంచే అయ్యుంటుంది. అంటే ఆ అంకెలు విలువైనవి. పోగొట్టకూడదు.

ఓపిక పడితే ఏమొస్తుందో ఒక్కటి చెప్పి ఆపుతాను. 1987 నుంచి 1990 దాకా ఇబ్రహీంపట్నం వైపు 29 ఊళ్లలో ఇదే పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఉప్మా అందింది, కొన్ని ఊళ్లకు పథకం అప్పటికి రాలేదు. పదిహేనేళ్లకు అదే పిల్లలను వెతికి కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. గుండె, రక్తనాళాల ఆరోగ్యం కూడా మెరుగు. తల్లి కడుపులో ఉన్నప్పుడు పెట్టిన ఒక గిన్నె ఉప్మా పదిహేనేళ్ల తర్వాత ఒంట్లో కనిపించింది. ఇది తెలిసిన ఊరు అంగన్‌వాడీ తలుపు మూస్తే ఊరుకుంటుందా?

నల్లరేగడి | జూన్ 17, ఉదయం 5:55

రోజూ ఈ చర్చ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. 1998లో మా బాపు పోయాడు. వరంగల్ జిల్లాలో ఆ యేడు పత్తిని పురుగు తినేసింది. మందు మీద మందు కొట్టినా ఆగలేదు, అప్పు మాత్రం పెరిగింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత రెండు మూడేళ్లు మా ఇంటికి ఎవరెవరో వచ్చారు. యూనివర్సిటీవాళ్లు, కమిటీలవాళ్లు, పేపర్లవాళ్లు. అందరూ మంచివాళ్లే. అందరూ అమ్మను అదే అడిగేవారు, ఆ రోజు ఏం జరిగింది, ఎంత అప్పు, ఎవరి దగ్గర. అమ్మ ప్రతిసారీ మొదటినుంచి చెప్పేది. వాళ్లు వెళ్లాక ఆ రోజు పొయ్యి వెలిగేది కాదు.

ఒక్కరు కూడా మళ్లీ రాలేదు. రాసింది ఏమైందో నాకు తెలియదు. రుణమాఫీలు, పరిహారం జీవోలు వచ్చాయి, వాటిలో మా అమ్మ మాట ఎంతో కొంత ఉండే ఉంటుందని నాకు నేను చెప్పుకుంటాను. కానీ "అమ్మా, నువ్వు చెప్పింది ఇక్కడ పనికొచ్చింది" అని ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే ఆమె ఇంకోలా బతికేది. ఆమె ఇప్పుడు లేదు.

వేపచెట్టు నీడ | జూన్ 17, ఉదయం 9:30

నల్లరేగడి తమ్మీ, మీ అమ్మగారి మాట మేము విన్నాం.

నేను ఒక జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో నర్సును. పాకాల గట్టు చెల్లె మొదట రాసిన ఆ ఏడ్చిన ఆమె గురించే రోజూ ఆలోచిస్తున్నాను. మనసు గురించి అడిగే ప్రశ్నపత్రాల్లో చాలాచోట్ల తొమ్మిది ప్రశ్నలది వాడతారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయని అడుగుతూ చివర్లో చావు ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. దానికి అవును అంటే తర్వాతి ఇంటికి వెళ్లిపోకూడదు. ఆ రోజే, ఆ మనిషిని చూసే చెయ్యి ఒకటి ఉండాలి. పీహెచ్‌సీ డాక్టరో, జిల్లా మానసిక ఆరోగ్య టీమో. ఎవరూ అందకపోతే మనసు బాధకు ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 ఉంది. 2022 నుంచి నడుస్తున్నది, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. ఈ నంబరు చదివేవాళ్లందరూ ఫోన్‌లో పెట్టుకోండి.

ఇంకొకటి చెప్పాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఫలితాన్ని అందరి ముందూ చెప్పాలి అని ఆవేశంతో అనేస్తాం. మనిషి ఫలితం వేరు, ఊరి ఫలితం వేరు. ఒక మనిషి రక్తం, మనసు, కడుపు గురించి తెలిసింది ఆ మనిషికే, విడిగా, తలుపు దగ్గరికి వేసి చెప్పాలి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఇంట్లో చెప్పకుండా వస్తారు. ఊరి లెక్క మాత్రం, ఇన్ని ఇళ్లలో ఇంతమందికి బీపీ ఉంది, ఇంతమందికి రక్తం తక్కువ ఉంది అన్నది, గ్రామసభలో గట్టిగా చదవాలి. పేరు ఒక్కటి కూడా ఉండకూడదు.

జాబ్ కార్డు | జూన్ 17, సాయంత్రం 6:45

అక్క చెప్పింది సరైన గీత. గ్రామసభలో చదివే పద్ధతి మనకు కొత్త కాదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి చూస్తున్నాం. ఇంటింటికీ వచ్చి జాబ్ కార్డు చూసి, మస్టర్ (కూలీల హాజరు పట్టీ)తో సరిపోల్చి, ఊళ్లో సభ పెట్టి చదివి, తర్వాత మండలంలో ప్రజావేదిక. నేను ఆ పనిలో అయిదేళ్లు ఉన్నాను. చదువురాని కూలీలు లేచి "ఆ సంతకం నాది కాదు" అని అధికారి ముఖం మీద చెప్పడం చూశాను. కూలీ లెక్క అలా చదవగలిగినప్పుడు ఆరోగ్యం లెక్క ఎందుకు చదవకూడదు?

చెల్లె, ఆ కాగితం దొరక్కపోతే సమాచార హక్కు ఉంది. పరిశోధన చేసింది ప్రభుత్వ సంస్థ అయితే పది రూపాయల ఫీజుతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎవరికివాళ్లు తమ ఫలితం తాము అడగవచ్చు. కానీ ముందు మామూలు ఉత్తరం రాయి. చాలాసార్లు ఎవరైనా అడగాలనే అవతలివాళ్లు ఎదురుచూస్తుంటారు.

పాకాల గట్టు | జూన్ 19, రాత్రి 8:50

దొరికింది! ట్రంకులో కాదు, అమ్మ పాత ఆశా రిజిస్టర్ అట్ట లోపల. తెలుగులోనే ఉంది. చివర రెండు నంబర్లు. ఒకటి పనిచేయడం లేదు. రెండోది ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శిది, ఆయన ఎత్తారు. నేను గొడవ పడలేదు. మా అమ్మ ఎవరో, ఏం చేసిందో, ఊరు ఆమెను ఏమడుగుతున్నదో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఉత్తరం రాయమన్నారు.

ఉత్తరం నేనే రాశాను, అమ్మ వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. రెండేళ్ల కింద తీసిన రక్తంలో ఎవరికి ఏం కనిపించిందో వాళ్లకు విడిగా తెలియజేయాలని, ఊరి మొత్తం లెక్క గ్రామసభలో తెలుగులో చదవాలని, ఆ ప్రశ్నలకు ఏడ్చిన మనుషుల కోసం ఎవరినైనా పంపాలని, కొత్త సర్వే వస్తే ఫలితం ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే కాగితం మీద రాయాలని.

మానేరు రిటైర్డ్ | జూన్ 19, రాత్రి 9:20

మీ అమ్మకు నా నమస్కారం చెప్పు తల్లీ. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు కూడా ఒక కాపీ ఇవ్వు. ఫలితం వచ్చినా, మందు ఇచ్చేది ఆయనే.

పాకాల గట్టు | జులై 21, రాత్రి 10:15

నెల రోజులు రాయలేదు, క్షమించండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

చిట్టీలు వచ్చాయి. 140. అన్నీ తయారై ఒక ఆఫీసు బీరువాలో ఉన్నాయట, పంపించడం ఎవరి పనో తేలక. ఇద్దరు వచ్చి, మా మెడికల్ ఆఫీసర్ సమక్షంలో సబ్ సెంటర్‌లో ఒక్కొక్కరినే లోపలికి పిలిచి ఇచ్చారు. వేపచెట్టు నీడ అక్కా, తలుపు దగ్గరికి వేశారు.

"నువ్వు చెప్పినవని ఇస్తున్న" అన్న మా అవ్వకు రెండేళ్ల కింద హిమోగ్లోబిన్ 6.8. అది చూసి మా డాక్టర్ కుర్చీలోంచి లేచారు. 8 కంటే తక్కువ ఉంటే తీవ్రమైన రక్తహీనత, అదే రోజు చెప్పాల్సింది అన్నారు. అప్పుడే పరీక్ష చేస్తే 7.1. రెండేళ్లు ఆమె ఆయాసంతోనే కలుపు తీసింది. ముసలితనం అనుకుంది, మేమూ అనుకున్నాం. వరంగల్ పెద్దాస్పత్రికి అమ్మే వెంట తీసుకెళ్లింది. రక్తం ఎక్కించారు, కారణం ఏమిటో పరీక్షలు చేస్తున్నారు. నేను వచ్చినవాళ్లను ఏమీ అనలేదు. అమ్మ అడిగింది. "మీరు ఒక్క ఫోన్ చేసి ఉంటే నేను ఆ రోజే తోలుకపోయేదాన్ని" అంది. వాళ్లలో ఒకాయన తల వంచుకుని క్షమాపణ చెప్పాడు, మనసులోంచే చెప్పాడు.

గ్రామసభ పోయిన శుక్రవారం అయింది. ఊరి లెక్క తెలుగులో చదివారు. బీపీ ఉన్నవాళ్లలో చాలామందికి తమకు ఉందనే తెలియదట. రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్ల సంఖ్య చదివినప్పుడు మహిళా సంఘం నుంచి ఒకామె లేచి, అంగన్‌వాడీలో గుడ్లు నెలలో ఎన్ని రోజులు వస్తున్నాయో కూడా పక్కనే రాయండి అంది. రాసుకున్నారు. భర్త పోయిన ఆమె దగ్గరికి జిల్లా టీమ్ నుంచి ఒక కౌన్సెలర్ రెండుసార్లు వచ్చి వెళ్లింది.

కొత్త సర్వేవాళ్లు 15 రోజుల్లో ఫలితం పీహెచ్‌సీ ద్వారా ఇస్తామని, ప్రమాదకరమైన అంకె ఉంటే అదే రోజు ఫోన్ చేస్తామని రాసి సంతకం పెట్టారు. అది చేతికి వచ్చాకే అమ్మ వాళ్లతో బయలుదేరింది.

ఒక పని మిగిలింది. 140లో 17 చిట్టీలు ఇంకా మా దగ్గరే ఉన్నాయి. ఆ కుటుంబాలు హైదరాబాద్ పోయాయి, ఎక్కువమంది ఉప్పల్, బోడుప్పల్ వైపు బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. కొందరి ఫోన్లు కలవడం లేదు. అటు ఎవరైనా ఉన్నారా?

పరకాల సైకిల్ | జులై 21, రాత్రి 10:32

నేను ఇప్పుడు బోడుప్పల్‌లోనే ఉంటున్నాను చెల్లె. పొద్దున అడ్డా మీద మనవైపువాళ్లే ఎక్కువ. పేర్లు ఇక్కడ రాయకు, నాకు విడిగా మెసేజ్ పెట్టు. వెతికి మీ అమ్మతో ఫోన్ కలుపుతాను. చిట్టీలో ఏముందో ఆమే చెప్పాలి, నాకు చెప్పొద్దు.